అబద్ధాలాడే పెట్టె

కందిపప్పులో పురుగు పడితే ఏం చెయ్యాలో మనకెవరూ నేర్పక్కర్లేదు. చేటలో పోసి చెరుగుతాం, ఎండలో ఆరబోస్తాం, నాలుగు ఎండుమిరపకాయలు పడేసి డబ్బా మూత బిగిస్తాం. ఆ పురుగు కంటికి కనిపిస్తుంది, పాకుతుంది, ఏరి పారేస్తే పోతుంది. కాని బెంగుళూరులో కూచున్న మా అమ్మాయి, ఇక్కడ ఆనందపురంలో మా ఇంటికి ఫర్లాంగు దూరాన ఓ నూతి దగ్గరున్న పెట్టెలో పురుగుందనీ, దాన్ని నేను దగ్గరుండి పట్టించాలనీ అంది. వేలిగోరంత చిప్పులో పురుగెలా దూరిందే అంటే, "సాఫ్ట్‌వేర్‌లో తప్పుని అలాగే అంటారమ్మా, బగ్ అని" అని నవ్వింది.

ఆ మాట వెనక ఓ ముచ్చట ఉందిలెండి. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ వాళ్ళ మార్క్-2 అనే గదంత కంప్యూటరు మొరాయించిందిట. విప్పి చూస్తే లోపల ఓ రిలేలో దీపం పురుగు ఇరుక్కుని చచ్చి ఉంది. దాన్ని తీసి, లాగ్‌బుక్కులో టేపుతో అతికించి, 'నిజం పురుగు దొరకడం ఇదే మొదలు' అన్న అర్థం వచ్చేలా రాశారు. అంటే అంతకుముందే ఆ మాట వాడుకలో ఉందన్నమాట. ఎడిసన్ 1878లోనే ఓ ఉత్తరంలో వాడాడు. ఈ పురుగు కథని ఊరూరా చెప్పి ప్రచారం చేసినావిడ గ్రేస్ హాపర్. లెక్కల పంతులమ్మగా మొదలుపెట్టి నౌకాదళంలో రియర్ అడ్మిరల్ దాకా ఎదిగిన మనిషి. ఆ పుస్తకమూ పురుగూ అమెరికా మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మనం బొద్దింకని చీపురుతో కొట్టి బయట పారేస్తాం, మనకా ముందుచూపేదీ!

సరే, మా పెట్టె సంగతి. మా ఊరు పూలకి పేరున్న ఊరు. జంక్షన్ దగ్గర పూల మార్కెట్టుకి తెల్లారకుండానే బంతీ, చామంతీ, కనకాంబరాలూ, మల్లెలూ మూటలతో దిగుతాయి. తెల్లారేసరికి విశాఖపట్నం చేరి దేవుడి పటాల మీదికీ మన జడల్లోకీ వెళ్ళిపోతాయి. మా వీధి చివర పిన్నికి అర ఎకరం చామంతి తోట ఉంది. చుట్టరికం పిన్ని కాదు, పిలుపుకి పిన్ని. బాబాయి పోయి ఏడేళ్ళయింది. కొడుకు గాజువాకలో ఎక్కడో వెల్డింగు పనికి పోతాడు. తోటా, నుయ్యీ, మోటారూ అన్నీ ఆవిడవే. ఇంటికీ నూతికీ మధ్య చీకటి గట్టు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పరిగెత్తుకెళ్ళి మోటారు వెయ్యాలి. ఓసారి ఆ గట్టు మీద కట్లపాము ఆవిడ కాలి మీంచి పాక్కుంటూ వెళ్ళింది. ఆ మర్నాడు మా అమ్మాయి ఫోన్ చేస్తే, మాటల్లో ఈ సంగతి చెప్పాను.

మా అమ్మాయి పనిచేసేది ఓ చిన్న కంపెనీలో. వాళ్ళు మోటారు స్టార్టర్ పక్కన తగిలించే పెట్టెలు చేస్తారు. అందులో ఓ సిమ్‌కార్డు, ఓ చిన్న కంప్యూటరు చిప్పు ఉంటాయి. ఇంట్లో కూచుని ఫోన్ కొడితే అది మోటారు వేస్తుంది, మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తుంది, 'మోటారు ఆన్ అయింది' అని మెసేజ్ పంపిస్తుంది. దాంట్లో నడిచే సాఫ్ట్‌వేర్ చాలా భాగం మా పిల్లే రాసింది. "మామ్మకి ఒకటి పెట్టించేద్దాం" అని పంపించింది. ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించాడు. పిన్ని మొదటిరోజు మంచం మీద కూచుని ఫోన్ నొక్కి, దూరాన మోటారు గుర్రుమంటే, "ఓలమ్మ, ఇన్నదే!" అని నోరు నొక్కుకుంది.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏటమ్మా, మీ పాప పెట్టె అబద్దాలాడతాంది. మోటారు ఏసీసినానని మెసేజీ ఎట్టింది. ఎల్లి సూస్తే మళ్ళో సుక్క నీరు నేదు."

అదండీ అసలు చిక్కు. అది పని చెయ్యకపోతే పోయె, పాత పద్ధతిలో వెళ్ళి వేసుకుంటుంది. చేశానని చెప్పి చెయ్యకపోవడమే ప్రమాదం. కార్తీకమాసం ముందు చామంతి మొగ్గ తొడిగే రోజులు. రెండు తడులు తప్పితే మొగ్గ ముడుచుకుపోతుంది. ఆ పూల మీద పిన్ని ఆర్నెల్ల అప్పు ఉంది. రోజూ కాదు, వారానికి రెండుసార్లో మూడుసార్లో ఇలా అవుతోంది. రోజూ చెడేదాన్ని నమ్మడం మానేస్తాం. అప్పుడప్పుడు చెడేదాన్ని ఏం చెయ్యాలి? పిన్ని మళ్ళీ టార్చిలైటు పట్టుకుని గట్టెక్కింది.

దసరాకి అమ్మాయి వచ్చింది. రెండు రోజులు నూతి దగ్గరే కూచుంది. ల్యాప్‌టాప్ పెట్టుకుని, పెట్టెకి తీగ తగిలించి చూసింది. ఇరవైసార్లు మోటారు వేసింది, ఇరవైసార్లూ పెట్టె బంగారంలా పనిచేసింది. రాత్రంతా ఒళ్ళు కాలిపోయిన పిల్లాడు డాక్టరు గదిలో అడుగుపెట్టగానే చల్లబడి ఆడుకున్నట్టు! పిల్ల రైలెక్కింది. మూడోరోజు పెట్టె మళ్ళీ అబద్ధమాడింది.

ఇక అక్కణ్ణించి మొదలైంది మా దూరవైద్యం. ఓ పాత ల్యాప్‌టాప్ మా ఇంట్లో వదిలి వెళ్ళింది. ల్యాప్‌టాప్‌కీ పెట్టెలోని చిప్పుకీ మధ్య అగ్గిపెట్టెంత పరికరం ఒకటి ఉంటుంది. అది చిప్పు లోపల నడిచే ప్రోగ్రాముని ఎక్కడంటే అక్కడ ఆపి, ఆ క్షణాన దాని బుర్రలో ఏ అంకె ఉందో చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌ని నా ఫోన్ ఇంటర్నెట్టుకి కలిపితే, బెంగుళూరు నించి మా అమ్మాయి ఆ తీగ గుండా చిప్పులోకి తొంగిచూస్తుంది. నా పని తీగలు పెట్టడం, దీపాలు చూసి చెప్పడం. ఒక్క మాట: ఆ పెట్టె పక్కనే నాలుగొందల వోల్టుల తీగలుంటాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి, మెయిన్ ఆపి, మూత తీసి, నేను ముట్టుకోవలసిన భాగం వేరే చూపించాకే మా అమ్మాయి నన్ను చెయ్యి పెట్టనిచ్చింది. ఈ పని మీరెవరూ సొంతంగా చెయ్యకండి సుమా.

మొదటి రోజంతా కలవనేలేదు. దీపం వెలుగుతోంది, కాని అవతల పిల్లకి ఏమీ కనిపించడం లేదు. ఇది మార్చు, అది మార్చు, ఆపి మళ్ళీ వెయ్యి అంటూ గంటన్నర. చివరికి తేలిందేమిటంటే, మావారు సొరుగులోంచి తీసిచ్చిన కేబుల్ ఉత్త చార్జింగు కేబులుట. కొన్నిట్లో కరెంటు తీగలే ఉంటాయి, మాటలు మోసే తీగలు ఉండవుట. పైకి చూస్తే అక్కాచెల్లెళ్ళలా ఒకేలా ఉంటాయి. అన్నం పెట్టి మాట్లాడని ఇళ్ళు చూశాం గాని, ఇలాంటి కేబుళ్ళు ఉంటాయని నాకు తెలీదు.

రెండో రోజు కలిసింది. కాని అమ్మాయి 'ఇక్కడ ఆగు' అన్నచోట కాకుండా ప్రోగ్రాం ఇంకెక్కడో ఆగుతోంది. పెట్టెలో ఉన్నది పాత సాఫ్ట్‌వేరు, తను ముందు పెట్టుకున్న కాగితం కొత్తది. వంటల పుస్తకం మొదటి ముద్రణ చేతిలో పెట్టుకుని మూడో ముద్రణ వాళ్ళకి "నలభయ్యో పేజీలో నాలుగో వరస చూడు" అంటే ఏమవుతుంది? పులిహోరలో బెల్లం పడుతుంది. వాళ్ళ ఆఫీసులో పాతది వెతికి తీసేసరికి రెండు రోజులు పట్టింది.

మూడోది కాపలా కుక్క. నవ్వకండి, దాని పేరే అది. ఇలాంటి చిప్పులన్నిట్లో ఓ చిన్న గడియారం ఉంటుంది. ప్రోగ్రాం కొన్ని సెకన్లకోసారి దాని వీపు నిమరాలి. నిమరకపోతే 'ఇదేదో స్పృహ తప్పింది' అనుకుని అది మొత్తాన్ని ఆపి మళ్ళీ మొదట్నించి లేపుతుంది. మంచిదే. కాని మా అమ్మాయి లోపల చూద్దామని ప్రోగ్రాముని ఆపిన ప్రతిసారీ కుక్కకి అనుమానం వచ్చి అంతా చెరిపేసి లేపేస్తోంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ కుక్కని కూడా నిద్రపుచ్చే ఏర్పాటు చిప్పులోనే ఉందిట. దాన్ని వెయ్యడానికి మరో సాయంత్రం.

ఇన్ని సాయంత్రాలు పోతున్నాయే అని నేను విసుక్కుంటే, మా అమ్మాయి నాకు అంగారకుడి కథ చెప్పింది. 1997 జూలై 4న అమెరికా వాళ్ళ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్నాళ్ళకి అందులో కంప్యూటరు ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ లేవడం మొదలెట్టింది. వెళ్ళి చూడ్డానికి లేదు. మాట చేరడానికే పది నిమిషాలు. ఏమైందో నాకు అర్థమయ్యేలా చెప్పమంటే చెప్పింది గాని, దాన్ని మనింటి భాషలోకి నేనే మార్చుకున్నాను. స్టోర్‌రూముకి ఒకటే తాళంచెవి. చిన్నకోడలు పప్పు తీయడానికి ఆ తాళంచెవి పట్టుకెళ్ళింది. ఇంతలో పెత్తనం చేసే ఆడపడుచు ఆవిణ్ణి వసారాలో ఆపి కబుర్లలో పెట్టింది. చిన్నకోడలు ఎలా కాదంటుంది? అవతల అత్తగారికి నెయ్యి కావాలి, తాళంచెవి లేదు. అందరికంటే పెద్దావిడ అందరికంటే చిన్నదాని కోసం కాచుక్కూచుంది. వంట నడవటంలేదని చూసి మామగారు 'పొయ్యి ఆర్పి మళ్ళీ వెలిగించండి' అన్నారు. ఆయనే కాపలా కుక్క, ఆయన ఆత్మశాంతి కలుగుగాక! అక్కడ వాతావరణం కొలిచే చిన్న పని తాళంచెవి పట్టుకుని కూచుంటే, మధ్యరకం పనులు అడ్డుపడి, ముఖ్యమైన పని ఆగిపోయిందిట. భూమ్మీదున్న జంట యంత్రంలో ఆ లోపాన్ని మళ్ళీ రప్పించి, కారణం పట్టుకుని, దిద్దుబాటుని అంగారకుడికి పంపించారు. దిద్దుబాటేమిటంటే, తాళంచెవి చేతిలో ఉన్నంతసేపూ చిన్నకోడలికి అత్తగారి హోదా. అప్పుడు ఆడపడుచు ఆపలేదు. మన ఉమ్మడి కుటుంబాల్లో ఎవరికీ తట్టలేదు చూడండి!

మన శ్రీహరికోట నించి 2013 నవంబరు 5న వెళ్ళిన మంగళయాన్‌దీ ఇదే కష్టం. 2014 సెప్టెంబరు 24న అది అంగారకుడి కక్ష్యలోకి తిరిగేవేళ ఇక్కణ్ణించి మాట వెళ్ళడానికి పన్నెండు నిమిషాలు. అందుకని ఏం చెయ్యాలో అన్నీ ముందే నూరిపోసి ఊరుకున్నారు. అత్తారింటికి పంపేముందు మనం చెప్పినట్టే.

వాయేజర్-1 కథయితే నన్ను రెండు రాత్రులు పట్టుకుంది. 1977లో బయల్దేరింది. 2023 నవంబరులో దాని మాట తడబడి అర్థం లేకుండా పోయింది. అప్పటికి అది 2,400 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. ఓ మాట వెళ్ళడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్ళీ అంతే. జ్ఞాపకం మొత్తం చదివి వినిపించమని అడిగితే, అందులో నూటికి మూడు పాళ్ళు పాడైనట్టు తేలింది. ఓ చిప్పు చచ్చిపోయింది. ఆ చోట ఉన్న ప్రోగ్రాముని తీసి మరోచోట పెడదామంటే, అంత ఖాళీ ఒక్కచోట లేదు. ముక్కలు చేసి, ఖాళీ దొరికిన మూలల్లో సర్ది, ఒకదాన్నించి ఒకటి వెతుక్కునేలా చిరునామాలు దిద్ది, 2024 ఏప్రిల్‌లో పంపారు. ఏప్రిల్ 20న అది మళ్ళీ తెలివిగా మాట్లాడింది. పెళ్ళివారు దిగితే మూడుగదుల ఇంట్లో ముప్ఫైమందికి పక్కలు సర్దినట్టే గాని, నలభై అయిదు గంటలకో మాట చొప్పున!

ఇవన్నీ విన్నాక నాకు మా ఫోన్లు గుర్తొచ్చాయి. ఎనిమిదేళ్ళుగా రోజూ ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" అంటాను. "తిన్నానమ్మా" అంటుంది. "ఏం కూర?" అంటే ఓ క్షణం ఆగి చెప్తుంది. ఆ క్షణాన్ని బట్టి తిన్నదో లేదో నాకు తెలిసిపోతుంది. దూరాన్నించి లోపలేం జరుగుతోందో కనిపెట్టే విద్య మనకి కొత్తేమీ కాదు. కాని ఈ నెలరోజుల్లో మేం మాట్లాడుకున్నన్ని మాటలు ఆ ఎనిమిదేళ్ళలో మాట్లాడుకోలేదు. ఓ రోజు రాత్రి తొమ్మిదింటికి నూతిగట్టు మీద దోమలు తోలుకుంటూ నేను కూచుని ఉంటే, "అమ్మా, ఇది కుదరకపోతే నన్ను ఈ పనిలోంచి తీసేస్తారేమో" అంది. ఆ మాట ఎదురుగా ఉంటే అనేది కాదు.

అసలు ముడి విడిపోయింది మాత్రం ఓ చిన్న విషయం దగ్గర. వారం రోజులు చూశాక నేనన్నాను: "మనం తీగ తగిలించి చూస్తున్నంతసేపూ ఇది ఒక్కసారీ అబద్ధమాడలేదే. తీగ తీసేసి ఇంటికెళ్ళిన రాత్రే ఆడుతోంది."

అవతల్నించి మాట లేదు. ఫోన్ పోయిందనుకున్నాను.

"అమ్మా, మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. అప్పుడు అంది: ఆ తీగలోంచి మాటలే కాదు, కాస్త కరెంటు కూడా వెళుతుందిట. అంటే మనం చూస్తున్నంతసేపూ ఆ పెట్టెకి పక్కనించి ఓ ముద్ద పెడుతున్నామన్నమాట. చూడనప్పుడు ఆకలితో ఉంటోంది. దసరాకి తను రెండు రోజులు కూచున్నా దొరకనిది అందుకే.

చిప్పుకి ఓ అలవాటు ఉంది. ఆగి మళ్ళీ లేచినప్పుడల్లా ఎందుకు ఆగిందో లోపల ఓ గుర్తు పెట్టుకుంటుంది: కుక్క లేపిందా, కరెంటు తగ్గిందా, ఎవరైనా మీట నొక్కారా అని. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ అడగలేదు. మా అమ్మాయి ప్రోగ్రాములో నాలుగు వరసలు కలిపి, లేచిన ప్రతిసారీ కాస్త ఆగి ఆ కారణాన్ని తనకి మెసేజ్ చెయ్యమంది. తీగలు విప్పేసి ఇంటికొచ్చేశాం. ఆ వారం మూడు మెసేజులొచ్చాయి. మూడిట్లోనూ ఒకటే కారణం: వోల్టేజి పడిపోయింది. కుక్క పాపం నిర్దోషి.

"మరి బెంగుళూరులో ఇదే పెట్టె నెలల తరబడి నడిచిందే, అక్కడ పడిపోని వోల్టేజి ఇక్కడెందుకు పడిపోతోంది?" అని తనలో తను అనుకుంటోంది. నేను ఆయాసపడుతూ గట్టెక్కి మాట్లాడుతున్నాను. ఎందుకాయాసం అంది. "నుయ్యి పల్లంలో ఉంది కదే, కింద సిగ్నలు ఒకటే గీత. మాట వినిపించాలంటే పైకి రావాలి" అన్నాను.

అంతే. మొత్తం అక్కడ తెగిపోయింది. టవరు దూరమైతే ఫోను గొంతు పెంచి అరవాలి, అరవడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది. బెంగుళూరులో టవరు నెత్తిమీదే, గుసగుసలాడితే చాలు. ఇక్కడ పల్లంలోంచి పెట్టె గొంతు చించుకుని 'మోటారు ఆన్ అయింది' అని అరుస్తోంది. సరిగ్గా ఆ క్షణమే మోటారు కూడా లేస్తోంది. లేచేటప్పుడు మోటారు నడిచే కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది, లైను కుంగుతుంది. రెండూ కలిసేసరికి చిప్పు కళ్ళు తిరిగి పడిపోతోంది. పడిపోగానే రిలే వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. మెసేజ్ మాత్రం అప్పటికే సిమ్ దగ్గరికి చేరిపోయి బయటికెళ్ళిపోతుంది. పెట్టె అబద్ధమాడలేదండీ. నిజం చెబుతూ చెబుతూ మూర్ఛపోతోంది.

దిద్దుబాటు చెబితే నవ్వుతారు. మోటారు వేశాక ఇరవై సెకన్లు ఊరుకుని, తీగలో కరెంటు నిజంగా పారుతోందో లేదో చూసి, అప్పుడు మెసేజ్ పంపమంది. మధ్యలో ఎప్పుడైనా పడిపోతే, లేచాక తను ఏం చేస్తూ పడిపోయిందో గుర్తుంచుకుని, పిన్నికి ఆ సంగతే చెప్పమంది. ఎలక్ట్రీషియన్ చేత ఓ పెద్ద కెపాసిటరు కూడా వేయించింది, మరచెంబులో నీళ్ళు దాచుకున్నట్టు. కొత్త ప్రోగ్రాము సిమ్ గుండానే రాత్రి పదకొండింటికి బెంగుళూరు నించి దిగింది. సిగ్నలు ఒకటే గీత కదా, నలభై నిమిషాలు పట్టింది. పిన్నీ నేనూ గట్టు మీద చాప వేసుకుని కూచుని, పెట్టెలో పచ్చదీపం ఆగకుండా వెలిగేదాకా చూశాం.

వాళ్ళ కంపెనీలో ఇంకా కొన్ని ఊళ్ళనించి ఇలాంటి ఫిర్యాదులే వచ్చి, 'సిగ్నల్ ప్రాబ్లం' అని రాసి మూసేసిన కాగితాలున్నాయిట. ఈసారి అవన్నీ తిరగేశారు. అందులో ఓ ఊరికి మా అమ్మాయే స్వయంగా వెళ్ళింది. అక్కడా నుయ్యి పల్లంలోనే ఉందని చెప్పింది.

కార్తీక సోమవారాలకి పిన్ని చామంతులు మార్కెట్టుకెళ్ళాయి. మొదటి రెండు తడులూ పోయిన వరసల్లో పూలు చిన్నవే వచ్చాయి, మిగతావి బాగానే పలికాయి. అప్పు సగం తీరింది. పెట్టెని ఆవిడ ఇప్పటికీ పూర్తిగా నమ్మదు. మెసేజ్ వచ్చాక గుమ్మంలోకొచ్చి మోటారు చప్పుడు చెవిన పడితేనే లోపలికెళ్తుంది. నన్నడిగితే అదే సరైన పద్ధతి.

పెట్టె మెసేజులు వెళ్ళే నెంబర్లలో నాదీ ఒకటి చేర్పించుకున్నాను. రోజూ పొద్దున్న ఆరింటికి ముందురోజు ఎన్నిసార్లు పడిపోయిందో ఓ అంకె వస్తుంది. కాఫీ డికాక్షను దిగేలోగా చూసి, అమ్మాయికి ఫోన్ చేసి చెప్తాను. తనకీ వస్తుందది, అయినా చెప్తాను. ఇవాళ సున్నా.